ఫస్టియర్ పిల్లల్ని అందరితో కలిపి ఒకే గాటన కట్టొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య ఏ చిన్న అడ్డంకి వచ్చినా "రేపట్నుంచి క్లాసులు ఆన్‌లైన్‌లో" అని రాత్రి తొమ్మిదింటికి గ్రూప్‌లో ఒక మెసేజ్ పడేయడం కాలేజీలకి బాగా అలవాటైపోయింది. వాన ఎక్కువైనా అంతే, గాలి పాడైనా అంతే, బిల్డింగ్ రిపేరైనా అంతే. లింక్ పంపాం, క్లాస్ జరిగింది, అటెండెన్స్ పడింది, సిలబస్ ఎక్కడా ఆగలేదు, ఇంక నష్టమేముంది అనుకుంటున్నారు. నేను కాలేజీలో సైకాలజీ చెప్తాను, పద్దెనిమిదేళ్ళయింది, దాదాపు ప్రతి ఏడాదీ ఫస్టియర్ సెక్షన్ ఒకటి నాకు ఉంటుంది. ఆ పిల్లల్ని దగ్గర్నుంచి చూసిన మనిషిగా చెప్తున్నా, నష్టం ఉంది, చాలా ఉంది, కాకపోతే అది సిలబస్ రిజిస్టర్‌లో కనపడదు. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

నేను అడిగేది ఒక్కటే. కాలేజీ మొత్తాన్ని ఆన్‌లైన్‌కి మార్చాల్సి వచ్చినప్పుడు ఫస్టియర్ వాళ్ళ సంగతి విడిగా ఆలోచించండి. వీలుంటే వాళ్ళని అందరికన్నా చివర ఇంటికి పంపండి, అందరికన్నా ముందు వెనక్కి పిలవండి.

ఎందుకంటారా, థర్డియర్ కుర్రాడు ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నా వాడి వెనక కాలేజీ మొత్తం ఉంటుంది. క్లాస్ జరుగుతుండగానే పక్కన ఫోన్‌లో నలుగురు ఫ్రెండ్స్‌తో చాటింగ్ నడుస్తుంటుంది, ఈ సార్ తర్వాత ఏం అడుగుతారో వాడికి తెలుసు, ఏ మేడమ్‌కి మెసేజ్ పెడితే రిప్లై వస్తుందో తెలుసు, డౌట్ వస్తే ఎవర్ని కదిలించాలో తెలుసు. రెండేళ్ళుగా పోగేసుకున్నది ఇప్పుడు తీసి వాడుకుంటున్నాడన్నమాట. ఫస్టియర్ పిల్ల దగ్గర ఆ మూట లేదు. స్కూల్లో కలిసి తిరిగినవాళ్ళు తలో దిక్కు పోయారు, కొత్తవాళ్ళు ఇంకా దొరకలేదు, సరిగ్గా ఆ మధ్యలో నిలబడి ఉన్నప్పుడు గేటు మూసేసి చేతిలో లింక్ పెట్టాం.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ని మహమ్మారి అని ప్రకటించింది, కొన్ని వారాల్లోనే దాదాపు 190 దేశాల్లో బడులు, కాలేజీలు మూతపడి 150 కోట్లకి పైగా విద్యార్థులు ఇళ్ళల్లో ఉండిపోయారని యునెస్కో లెక్క. ఆ తర్వాత కాలేజీల్లో చేరినవాళ్ళలో ఎంతోమంది క్యాంపస్ మొహం చూడకుండానే ఫస్టియర్ అయిందనిపించారు. మా దగ్గరా అదే. మళ్ళీ తలుపులు తీసిన మొదటి వారంలో ఒకబ్బాయి మా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర లోపలికి రాక, వెళ్ళిపోక అలా నిలబడ్డాడు. ఏంటి నాన్నా అంటే, ఎగ్జామ్ సెక్షన్ ఎక్కడ మేడమ్ అన్నాడు, గొంతు సరిగ్గా పెగల్లేదు. మూడు రోజుల్నించి వెతుక్కుంటున్నాడట. ఎవర్నన్నా అడక్కపోయావా అన్నా. "నేను సెకండియర్ మేడమ్, ఇప్పుడు అడిగితే ఏమనుకుంటారో అని" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. కొత్తగా వచ్చిన ఫస్టియర్ వాళ్ళు దారి అడుగుతున్నారు, వాళ్ళకి అడిగే హక్కుంది, వీడికి ఆ హక్కు కూడా ఏడాది కిందటే అయిపోయింది, వాడుకోకుండానే.

అదే వారంలో ఇంకోటి జరిగింది. మెట్ల దగ్గర ఇద్దరు పిల్లలు పక్కపక్కనే నిలబడ్డారు, ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటున్నారు. అందులో ఒకడికి ఏదో కాల్ వచ్చి "ఆఁ చెప్పు" అన్నాడు అంతే, రెండోవాడు గబుక్కున తలెత్తాడు. ఆ రెండు మాటల్లో గొంతు గుర్తుపట్టాడు. ఆర్నెల్లు ఒకే ప్రాజెక్ట్ గ్రూప్‌లో పనిచేసినవాళ్ళు వాళ్ళిద్దరూ, మార్కులు కూడా బాగానే వచ్చాయి ఆ ప్రాజెక్ట్‌కి. ఒకడి ఎత్తెంతో ఒకడికి తెలీదు, నవ్వితే ఎలా ఉంటాడో తెలీదు. చదువు జరిగింది కదా అని మనం అంటున్నప్పుడు ఈ ఇద్దరూ నా కళ్ళ ముందుకొస్తారు.

నేను ప్రతి ఏడాదీ క్లాసులో చెప్పే ఒక ప్రయోగం ఉంది. మోర్లాండ్, బీచ్ అని ఇద్దరు పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో చేసి 1992లో అచ్చువేశారు. చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉండే నలుగురు అమ్మాయిల్ని ఎంచుకుని ఒక పెద్ద క్లాసుకి మామూలు స్టూడెంట్స్‌లా పంపారు. ఒకమ్మాయి టర్మ్ మొత్తంలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు, ఒకమ్మాయి 5 సార్లు, ఇంకొకమ్మాయి 10 సార్లు, నాలుగో అమ్మాయి 15 సార్లు వెళ్ళింది. ఎవరితో ఒక్క మాట మాట్లాడకూడదు, అందరికీ కనపడేచోట కూర్చుని నోట్స్ రాసుకుని వెళ్ళిపోవాలి. టర్మ్ చివర్లో నలుగురి బొమ్మలూ చూపించి అడిగితే ఎక్కువసార్లు వచ్చిన అమ్మాయి మీదే పిల్లలకి ఎక్కువ ఇష్టం కనపడింది. ఆమెని ఫలానాచోట చూశామని చాలామందికి స్పష్టంగా గుర్తు కూడా లేదు, అయినా సరే. అంటే మనిషి మనిషికి దగ్గరవ్వడం మాటలతోనే మొదలవ్వదు, ఊరికే కంటబడుతూ ఉండటంతో మొదలవుతుంది.

కోవిడ్ ఏడాది దీన్నే స్క్రీన్ మీద చెప్పాల్సొచ్చింది. డెబ్బై రెండు నల్ల డబ్బాలు, ఒక్కో డబ్బాలో పేరులో మొదటి అక్షరం. చెప్తూ చెప్తూ సున్నా సార్లు వెళ్ళిన అమ్మాయి దగ్గరికొచ్చి ఆగిపోయా. నా ముందున్న డెబ్బై రెండు మందీ ఒకరికొకరు ఆ అమ్మాయే కదా అనిపించింది. గొంతు పట్టేసింది, మైక్ మ్యూట్ చేసుకుని కాసేపు కూర్చున్నా. ఏమైంది మేడమ్ అని ఎవరూ అడగలేదు, తప్పు వాళ్ళది కాదు, మేడమ్‌కి నెట్ పోయిందనుకుని ఉంటారు. మామూలు క్లాసులో అయితే ముందు బెంచీలో ఎవరో ఒకరు వాటర్ బాటిల్ జరిపేవాళ్ళు.

ఫ్రెండ్స్ అవ్వడానికి టైమ్ పడుతుంది, ఇది అందరికీ తెలిసిందే, కానీ ఎంత టైమ్ అనేది కాన్సాస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ఆయన లెక్కకట్టే ప్రయత్నం చేశారు, 2018లో వచ్చింది ఆ పేపర్. ముఖపరిచయం ఉన్న మనిషి ఒక మాదిరి ఫ్రెండ్ అవ్వడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి, ఫ్రెండ్ అని ధైర్యంగా చెప్పుకోవడానికి 90 దాకా, ప్రాణస్నేహానికి 200 పైనే. అదీ ఒకే రూమ్‌లో ఎవరి పని వాళ్ళు చేసుకున్న గంటలు కాదు, కలిసి తిరిగిన గంటలు, కబుర్లాడిన గంటలు బాగా పనికొచ్చాయట. ఇప్పుడు మన ఆన్‌లైన్ టైమ్ టేబుల్ తీసి చూడండి. తొమ్మిదింటికి క్లాస్ మొదలవుతుంది, పది కొట్టగానే మీటింగ్ ఎండ్ అవుతుంది, స్క్రీన్ నల్లబడుతుంది, పదీ ఐదుకి ఇంకో లింక్. ఆ గంటలో మాట్లాడింది లెక్చరర్ ఒక్కరే. పిల్లలకి పిల్లలతో దొరికిన టైమ్ ఎంతంటే నిజంగా ఏమీ లేదు. మామూలు రోజుల్లో క్లాసుకీ క్లాసుకీ మధ్య ఆ పది నిమిషాల్లో, సార్ రావడం లేటైన ఐదు నిమిషాల్లో, బయటికెళ్ళేటప్పుడు తలుపు దగ్గర తోసుకోవడంలో, "నీ పెన్ ఒకసారి ఇస్తావా" అనడంలో పోగయ్యేవి ఆ గంటలన్నీ. ఎవరూ టైమ్ టేబుల్‌లో రాయలేదు కాబట్టి ఆన్‌లైన్‌కి మార్చేటప్పుడు ఎవరికీ అవి గుర్తురాలేదు.

ఇంకో సంగతి, ప్రాణస్నేహితుల గురించే మనం ఎక్కువ మాట్లాడతాం గానీ పేరు కూడా సరిగ్గా తెలియని పరిచయాలు కూడా మనిషిని నిలబెడతాయి. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్ట్ 1973లోనే రాశారు, కొత్త కబుర్లు, కొత్త అవకాశాలు మనదాకా వచ్చేది ఎక్కువగా ఈ పలుచని పరిచయాల నుంచే అని. లైబ్రరీలో రోజూ అదే కుర్చీలో కూర్చునే సీనియర్, ల్యాబ్‌లో ఎక్విప్‌మెంట్ ఇచ్చే అన్న, పక్క సెక్షన్‌లో తల ఊపి నవ్వే అమ్మాయి. ఫలానా ఫారమ్‌కి రేపే లాస్ట్ డేట్ అని, ఆ పేపర్‌కి పాత క్వశ్చన్లు చూసుకుంటే చాలని, స్కాలర్‌షిప్ అప్లికేషన్ తెరిచారని, ఇలాంటివన్నీ అక్కడే చెవిన పడతాయి. ఆన్‌లైన్‌లో మీకు తెలిసినవాళ్ళకే మీరు మెసేజ్ పెట్టగలరు. తెలియనివాళ్ళు ఊరికే ఎదురుపడే చోటు అక్కడ లేదు.

గ్రూప్ డిస్కషన్ పెట్టాం కదా, ఆన్‌లైన్ క్లాసుని చిన్న చిన్న గుంపులుగా విడదీసే బ్రేకౌట్ రూమ్స్ ఇచ్చాం కదా అంటారు. ఇచ్చాం. నేనూ ఇచ్చాను, వెళ్ళి చూశాను. ఐదుగురు, ఐదు మ్యూట్లు, ఒకళ్ళు "హాయ్" అని చాట్‌లో పెడతారు, ఇంకొకళ్ళు "హాయ్" అంటారు, ఏడు నిమిషాలు అయిపోతాయి. పిల్లలకి ఇష్టం లేక కాదు. మనుషుల మాటల్లో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు మాత్రమే అని పది భాషలు పోల్చి చూసిన ఒక పరిశోధన 2009లో వచ్చింది. అంత సన్నటి తాళం మీద నడుస్తుంది మన సంభాషణ. నెట్‌లో గొంతు అరసెకను ఆలస్యంగా వచ్చిందనుకోండి, ఇద్దరూ ఒకేసారి మొదలెడతారు, ఇద్దరూ ఒకేసారి "సారీ, నువ్వు చెప్పు" అంటారు, మళ్ళీ ఇద్దరూ ఆగిపోతారు. పాత ఫ్రెండ్స్ అయితే దీన్ని నవ్వేసి దాటేస్తారు. కొత్తవాళ్ళు మాత్రం అవతలి మనిషికి నాతో మాట్లాడటం ఇష్టం లేదేమో అనుకుంటారు, రెండుసార్లు అలా అయ్యాక మూడోసారి మైక్ ఆన్ చెయ్యరు.

కెమెరా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా స్టాఫ్ మీటింగుల్లో దీనిమీద పెద్ద గొడవలే జరిగాయి. కెమెరా ఆఫ్ చేసినవాడు నిద్రపోతున్నాడు, మర్యాద లేదు, ఇలా ఎన్ని మాటలో. కార్నెల్ యూనివర్సిటీలో ఇద్దరు టీచర్లు తమ పిల్లల్ని కెమెరా ఎందుకు ఆన్ చెయ్యరు అని నేరుగా అడిగి 2021లో రాశారు, ఎక్కువమంది చెప్పిన కారణం తాము ఎలా కనపడుతున్నామో అన్న బెంగ, ఆ తర్వాత వెనకాల ఇంట్లో ఎవరు కనపడతారో, గది ఎలా కనపడుతుందో అన్న ఇబ్బంది, నెట్ సరిగ్గా లేకపోవడం. పద్దెనిమిదేళ్ళ పిల్లకి, ఇంకా ఒక్కరూ పరిచయం కాని డెబ్బై మంది ముందు తన ఇల్లు తెరిచి పెట్టమంటే ఎలా ఉంటుందో మనం ఆలోచించలేదు. కాలేజీకి వచ్చేటప్పుడు ఏం చూపించాలో ఏం దాచుకోవాలో వాళ్ళ చేతిలో ఉంటుంది, నచ్చినట్టు తయారై వస్తారు, కొత్త మనిషిగా మొదలవుతారు, ఆ వయసులో అది చాలా పెద్ద సంగతి. స్టాన్‌ఫోర్డ్‌లో జెరెమీ బైలెన్సన్ అనే ప్రొఫెసర్ అదే 2021లో వీడియో మీటింగుల అలసట గురించి రాస్తూ గంటల తరబడి మన మొహం మనమే చూసుకుంటూ కూర్చోవడాన్ని కూడా ఒక కారణంగా చెప్పారు. పెద్దవాళ్ళకే అంత అలసటైతే తన మొహం తనకే నచ్చని వయసు పిల్లల సంగతేంటి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. చేరిన కొత్తల్లో "నేను ఇక్కడ ఇమడట్లేదు" అని దాదాపు ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ అనిపిస్తుంది, ఇది ఏ కాలేజీలో అయినా ఉండేదే. ఎదురెదురుగా ఉన్నప్పుడు అది తగ్గుతుంది, ఎలాగంటే పక్కవాడి మొహంలో కూడా అదే కంగారు కనపడుతుంది కాబట్టి. సార్ బోర్డు మీద రాసింది నాకు అర్థం కాలేదు, పక్కకి చూస్తే వీడికీ అర్థం కాలేదు, ఇద్దరం నవ్వుకుంటాం, పరిచయం అయిపోయింది. స్క్రీన్ మీద నా కంగారు నాకు తెలుస్తుంది, మిగతా డెబ్బై ఒక్క మందివి ప్రశాంతంగా ఉన్న పేర్లు. వాళ్ళందరూ బాగానే ఉన్నారు, వాళ్ళందరికీ అర్థమవుతోంది, వాళ్ళకి అప్పుడే ఫ్రెండ్స్ అయిపోయారు, నేనొక్కదాన్నే ఇలా ఉన్నాను. ఇదే మాట, దాదాపు ఇవే పదాలతో, ఆ ఏడాది నాకు ఫోన్ చేసిన పిల్లలు ఒకరికి తెలియకుండా ఒకరు చెప్పారు. ఎవరి పేరూ ఎవరికీ చెప్పలేను, చెప్పే వీలుంటే వాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి తలుపేసి బయటికొచ్చేసేదాన్ని, మిగతాది వాళ్ళే చూసుకునేవాళ్ళు.

ఇదంతా మనసుకి సంబంధించిన విషయం, చదువుకి ఏం సంబంధం అనే పెద్దలు ఉన్నారు. విన్సెంట్ టింటో అనే విద్యా పరిశోధకుడు 1975 నుంచీ చెప్తూ వచ్చింది ఇదే, పిల్లలు కాలేజీ మానేస్తారా నిలబడతారా అనేది మార్కుల మీద మాత్రమే ఆధారపడి ఉండదు, ఆ చోట మనుషులతో ఎంత కలిసిపోయారు అనేదాని మీద కూడా ఉంటుంది అని. నాకు పరిశోధన కూడా అక్కర్లేదు. ఆ బ్యాచ్‌లో సెకండ్ సెమిస్టర్‌కి వచ్చేసరికి లింక్‌లో కనపడకుండా పోయిన పేర్లు నాకు గుర్తున్నాయి. క్లాసులోంచి ఒక మనిషి మానేస్తే బెంచీ ఖాళీగా కనపడుతుంది, పక్కవాడు ఫోన్ చేసి ఏరా రావట్లేదు అంటాడు. లింక్‌లోంచి ఒక పేరు తగ్గితే డబ్బాలు కొంచెం జరిగి సర్దుకుంటాయి, ఖాళీ కూడా కనపడదు.

అలాగని ఆన్‌లైన్ చదువే తప్పు అని నేను అనట్లేదు, అది అన్యాయం అవుతుంది. దూరవిద్య ఎన్నో ఏళ్ళుగా ఉంది, దానికోసం విడిగా పాఠాలు తయారుచేస్తారు, ట్యూటర్లు ఉంటారు, చేరేవాళ్ళకి కూడా దేంలో చేరుతున్నామో తెలుసు. రాత్రికి రాత్రి కెమెరా ముందు కూర్చుని చెప్పేది వేరు, దీన్ని "ఎమర్జెన్సీ రిమోట్ టీచింగ్" అనాలి, రెండిటినీ ఒకటి చెయ్యొద్దు అని చార్లెస్ హాడ్జెస్ అనే ప్రొఫెసర్, ఆయన తోటివాళ్ళు 2020 మార్చిలోనే రాశారు. పైగా కొంతమందికి మేలు కూడా జరిగింది. క్లాసులో నోరెత్తని ఒకమ్మాయి చాట్‌లో అడిగిన ప్రశ్నలు నేను నా నోట్స్‌లో రాసుకున్నా, అంత బాగున్నాయి. నడవడం కష్టమైన ఒకబ్బాయి మొదటిసారి ఒక్క క్లాసు కూడా మిస్ కాలేదు. వాళ్ళని మర్చిపోకూడదు, మళ్ళీ బిల్డింగ్‌లోకి వచ్చాక కూడా ఆ చాట్ విండో అలాగే తెరిచి ఉంచాలనే నేను అంటాను.

మరి ఏం చెయ్యాలి అంటే, మొదటగా నేను పైన చెప్పిందే, ఫస్టియర్ వాళ్ళకి వేరే నిర్ణయం. వారం రోజులు మూసినా ఆ వారం వాళ్ళు చేరిన మూడో వారమా, ఆరో నెలా అనేది చూడండి, మూడో వారం అయితే క్లాసులు వాయిదా వేసినా నాకు నష్టం అనిపించదు. మార్చక తప్పదు అంటే ఐదారుగురిని ఒక జట్టుగా వేసి సెమిస్టర్ అంతా, అన్ని సబ్జెక్టులకీ అదే జట్టు ఉంచండి. ఇప్పుడు ఏం చేస్తున్నాం, ప్రతి బ్రేకౌట్‌కీ సాఫ్ట్‌వేర్ ఎలా కలిపితే అలా, ప్రతిసారీ కొత్త మొహాలు, సారీ, కొత్త అక్షరాలు. మళ్ళీ మళ్ళీ అదే మనుషులు తగలాలి, అప్పుడే ఆ 50 గంటల్లో కొన్నయినా పోగవుతాయి. కెమెరా కోసం బలవంతం చెయ్యకండి, ఐదుగురే ఉన్నప్పుడు రెండో వారానికి వాళ్ళంతట వాళ్ళే ఆన్ చేస్తారు, నేను చూశాను.

సీనియర్లని పిలిచి మాట్లాడించండి, ర్యాంకులు వచ్చినవాళ్ళని కాదు. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అని ఇద్దరు అమెరికాలో ఒక కాలేజీ ఫస్టియర్ పిల్లలకి, మొదట్లో ఇమడలేకపోవడం అందరికీ జరిగేదే, కొన్నాళ్ళకి సర్దుకుంటుంది అని సీనియర్ల అనుభవాలు చదివించారు, ఆ తర్వాత దాన్ని వాళ్ళ సొంత మాటల్లో చెప్పమన్నారు. మొత్తం ఒక గంట పని. 2011లో వాళ్ళు ప్రకటించిన దాని ప్రకారం, ఇక్కడ మనకి చోటుందా అన్న అనుమానం ఎక్కువగా ఉండే నల్లజాతి విద్యార్థుల మార్కులు ఆ తర్వాత మూడేళ్ళ పాటు మెరుగ్గా వచ్చాయి. ఒక్క గంట అండి. ఓరియంటేషన్‌లో రూల్స్ చదవడానికే మనం రెండు గంటలు పెడతాం.

ఇక తిరిగి వచ్చాక కూడా, గేటు తెరిచాం కదా అయిపోయింది అనుకోవద్దు. మిస్సయిన మొదటి వారాన్ని మళ్ళీ పెట్టండి, సెకండియర్ అయినా సరే, ఎగ్జామ్ సెక్షన్ ఎక్కడో, లైబ్రరీలో కార్డ్ ఎలా తీసుకోవాలో అందరికీ కలిపి ఇంకోసారి తిప్పి చూపించండి, అడగడానికి సిగ్గుపడే పని లేకుండా.

చివరిగా లెక్చరర్లకి ఒక మాట, దీనికి మేనేజ్‌మెంట్ పర్మిషన్ కూడా అక్కర్లేదు. ఈ మధ్య మాకు మళ్ళీ వారం రోజులు ఆన్‌లైన్ అన్నారు. అప్పటికి ఫస్టియర్ వాళ్ళు చేరి నెల కూడా కాలేదు. మొదటి రోజు క్లాస్ అయ్యాక అలవాటు ప్రకారం ఎండ్ బటన్ దగ్గరికి చెయ్యి వెళ్ళింది, ఆగి, సీఆర్‌ని, అంటే క్లాస్ రిప్రజెంటేటివ్‌ని, హోస్ట్ చేసి, "నేను వెళ్తున్నా, మీటింగ్ అలాగే ఉంటుంది, మీ ఇష్టం" అని చెప్పి నేనొక్కదాన్నే బయటికొచ్చేశా. మొదటి రోజు రెండు నిమిషాల్లో అందరూ వెళ్ళిపోయారట. మూడో రోజు ఛార్జర్ కోసం వెళ్ళి, పని చూసుకుని, ముప్పావుగంట తర్వాత లాప్‌టాప్ తెరిస్తే పార్టిసిపెంట్స్ దగ్గర పదకొండు అని ఇంకా కనపడుతోంది. లోపలికి వెళ్ళలేదు, ఏం మాట్లాడుకుంటున్నారో నాకు తెలీదు, మూత దించేశా.

ఇట్లు,
ఒక కాలేజీ లెక్చరర్